ఇంట్లో కట్టుకునే విమానం – 6వ పాఠం: ఇంధనం వాల్వు, యాంటెన్నాలు

గత పాఠంలో ట్యాంకులు, వెంట్ గొట్టాలు అయ్యాయి. ఇప్పుడు ఇంధనం వాల్వు, యాంటెన్నాలు. వీటికి పొంతన లేనట్టే ఉంటుంది. కానీ రెండూ విమానం ఒళ్ళు మూసెయ్యకముందే తేల్చుకోవాల్సినవి. మూశాక మార్చాలంటే రంపం పట్టాల్సిందే.

ముందు వాల్వు, అంటే ఇంజనుకి ఏ ట్యాంకు నుంచి ఇంధనం వెళ్ళాలో ఎంచేది. సీట్లో కూర్చుని భుజం పట్టీలు పూర్తిగా బిగించుకోండి. ఒక చెయ్యి స్టిక్ (విమానాన్ని నడిపే కర్ర) మీద, చూపు ముందుకే. రెండో చెయ్యి నడుము తిప్పకుండా ఎక్కడిదాకా అందుతుందో అక్కడే వాల్వు పిడి ఉండాలి. అట్టముక్కతో పిడి చేసి, అక్కడ అంటించి, చూడకుండా పదిసార్లు తిప్పి చూడండి.

ఈ జాగ్రత్త తీసుకోకపోతే ఏమవుతుందో 1997 అక్టోబర్ 12న కాలిఫోర్నియాలోని మాంటెరే బేలో తెలిసింది. గాయకుడు జాన్ డెన్వర్ నడుపుతున్న లాంగ్-ఈజీ అనే ఇంట్లో కట్టిన విమానం సముద్రంలో కూలింది. ప్లానులో ఆ వాల్వు పైలట్ కాళ్ళ మధ్య ఉంటుంది. కట్టినవాళ్ళు ఇంధనం గొట్టాలు కాక్‌పిట్‌లోకి రాకూడదని దాన్ని ఎడమ భుజం వెనక గోడకి మార్చారు. అంటే ట్యాంకు మార్చాలంటే స్టిక్ వదిలి, పట్టీ సడలించి, ఎడమకి పూర్తిగా తిరగాలి. అలా తిరిగినప్పుడు కుడి కాలు తెలియకుండానే రడ్డర్ పెడల్‌ని (ముక్కుని పక్కకి తిప్పేదాన్ని) తొక్కేస్తుందని దర్యాప్తులో తేలింది. పైగా పిడి తిప్పడానికి గట్టిగా ఉండేది, దాని మీద గుర్తులు లేవు. కారణం మంచిదే, చోటే తప్పు. ప్లాను మార్చేముందు ఆ చోటు ఎందుకు ఎంచారో తెలుసుకోండి.

పిడి మొన ఏ ట్యాంకు వైపు ఉంటే ఆ ట్యాంకు తెరుచుకోవాలి. ఎడమ నుంచి కుడికి తిప్పేటప్పుడు మధ్యలో 'ఆఫ్' తగలకూడదు. 'ఆఫ్'కి వెళ్ళాలంటే బొత్తాం ఎత్తడమో నొక్కడమో వేరే పని చెయ్యాలి. ఇళ్ళల్లో కట్టే విమానాలకి ఇది చట్టం కాదు. ఫ్యాక్టరీ విమానాలకి ఇలా నిబంధన పెట్టింది మాత్రం ఊరికే కాదు. వాల్వు దూరంగా ఉండి కడ్డీతో తిప్పాల్సి వస్తే, కడ్డీని షాఫ్టుకి కేవలం స్క్రూతో బిగించి వదిలెయ్యకండి, అడ్డంగా పిన్ను దూర్చండి. స్క్రూ జారితే పిడి 'కుడి' అంటుంది, లోపల వాల్వు సగం మూసుకుని ఉంటుంది.

రెక్క ఒంటికి అడుగున ఉన్న విమానంలో వాల్వుకి 'రెండూ' (రెండు ట్యాంకులూ ఒకేసారి) అనే స్థానం వద్దు. పంపు పైకి పీల్చేటప్పుడు ఒక ట్యాంకు ఖాళీ అయితే, అది నిండుగా ఉన్నదాన్ని వదిలి సులువుగా వచ్చే గాలినే లాగుతుంది. రెక్క ఒంటికి పైన ఉన్నవాటిలో ఇంధనం తనంతట తానే దిగుతుంది కాబట్టి ఫర్వాలేదు.

వాల్వు ఫైర్‌వాల్‌కి (ఇంజను మంటని ఆపే గోడకి) కాక్‌పిట్ వైపే ఉండాలి. ఇంజను వైపు పెడితే మంటలో మొదట కాలేది అదే. మరలకి ప్లంబర్ వాడే తెల్ల టేపు చుట్టకండి. దాని పీలికలు వాల్వులోనో కార్బ్యురేటర్‌లోనో ఇరుక్కుంటాయి. ఇంధనానికి పనికొచ్చే పేస్టు రాయండి, మొదటి రెండు మరలు వదిలేసి.

ఇప్పుడు ప్రవాహ పరీక్ష. పంపుతో నడిచేదానికి టేకాఫ్ వాడకంలో 125 శాతం రావాలి, తనంతట దిగేదానికి 150 శాతం. రోటాక్స్ 912 యూఎల్‌ఎస్ ఇంజను టేకాఫ్‌లో గంటకి 27 లీటర్లు తాగుతుంది. అంటే పంపుతో నిమిషానికి సుమారు 565 మిల్లీలీటర్లు, పంపు లేకపోతే 675. ముక్కు పైకెత్తి, ట్యాంకులో అడుగున కొద్దిగానే ఇంధనం ఉంచి, ఒక్కో ట్యాంకుకి విడిగా కొలవండి. నేల మీద చదునుగా పెట్టి కొలిస్తే ఎవరికైనా పాసే.

యాంటెన్నాల్లో మొదటి ప్రశ్న ఒళ్ళు దేనితో చేశారన్నది. గాజునారైతే రేడియో తరంగాలు దాటిపోతాయి, యాంటెన్నా లోపలే పెట్టొచ్చు. కార్బన్‌నారైతే అడ్డుకుంటుంది, బయటే పెట్టాలి. లోహమైతే ఒంటి రేకే యాంటెన్నాకి కావాల్సిన 'నేల'గా (గ్రౌండ్‌గా) పనిచేస్తుంది, బయట కడ్డీ చాలు.

గాజునారలో 12 మి.మీ. రాగి టేపుతో డైపోల్ (రెండు చేతుల యాంటెన్నా) చెయ్యండి. మాట్లాడే రేడియోకి (118–137 మెగాహెర్ట్‌జ్) ఒక్కో చెయ్యి సుమారు 51 సెం.మీ., నిలువుగా. వీఓఆర్‌కి (నేల మీది స్టేషన్‌తో దారి చూపే రేడియోకి) 58, అడ్డంగా. లెక్కప్రకారం ఇంకొంచెం పొడవు రావాలి కానీ టేపు వెడల్పు, గాజునార కలిసి తగ్గిస్తాయి. కేబుల్ కలిసే చోట మూడు ఫెర్రైట్ (అయస్కాంత పదార్థం) రింగులు తొడగండి. లేకపోతే కేబుల్ తొడుగు కూడా యాంటెన్నాలా ప్రసరిస్తుంది. లాంగ్-ఈజీ లాంటివాటిలో వింగ్‌లెట్ (రెక్క కొసన నిలబడే చిన్న రెక్క) మంచి చోటే, కానీ రడ్డర్ కేబుల్ దాని పక్కనే సమాంతరంగా పోతే సగం పనితనం పోతుంది. ట్రాన్స్‌పాండర్ (రాడార్‌కి జవాబిచ్చే పెట్టె) యాంటెన్నా వేళ్ళంత పుల్లే, పొట్ట కింద పెట్టండి, కానీ సీటు కింద కాదు. గాజునార విమానంలో దానికి నేలగా 14 సెం.మీ. వ్యాసం అల్యూమినియం పళ్ళెం వెయ్యాలి.

జీపీఎస్‌కి మాట్లాడే రేడియో పక్కలో బల్లెం. 121.175లో ప్రసారం చేస్తే దాని 13వ హార్మోనిక్ (13 రెట్ల ఫ్రీక్వెన్సీ), 131.275లో అయితే 12వది, జీపీఎస్ వాడే 1575.42 మెగాహెర్ట్‌జ్ దగ్గరికే వచ్చిపడతాయి. ఆ ఫ్రీక్వెన్సీని ఎవరూ వాడట్లేదని విని నిర్ధారించుకున్నాక, ఒక్కోదాంట్లో అర నిమిషం బటన్ నొక్కి, ఉపగ్రహాల బార్లు చూడండి. బార్లు కూలితే ముందు జీపీఎస్‌ని దూరం జరపండి, ఆ తరవాతే ఫిల్టర్ కొనండి.

చివరిగా, వైరింగ్ మొత్తం పరిచాక, ఒళ్ళు మూసేముందు, ఎస్‌డబ్ల్యూఆర్ (యాంటెన్నా నుంచి ఎంత శక్తి వెనక్కి వస్తుందో చెప్పే కొలత) కొలవండి. బ్యాండ్ అంతా 2 లోపు ఉంటే బాగు, 3 దాటితే ఎక్కడో టంకం సరిగా పట్టలేదు, లేదా లోహమేదో దగ్గరకొచ్చింది.