పాత పీసీతో ఫైర్‌వాల్ – 6వ పాఠం: క్యాచీకి వేరే డిస్క్

పోయిన పాఠం చివర స్క్విడ్ (ల్యాబ్ మెషీన్ల బదులు తానే వెబ్ నుంచి ఫైళ్లు తెచ్చిచ్చే ప్రాక్సీ ప్రోగ్రామ్) నడుస్తోందని, లాగ్‌లో లైన్లు పడుతున్నాయని చూసి సంతోషపడ్డాం. ఇప్పుడొక చేదు నిజం చెప్పాలి. డెబియన్ లైనక్స్‌లో స్క్విడ్ ప్యాకేజీ వేసి అలాగే వదిలేస్తే అది డిస్క్ మీద ఏమీ దాచదు. క్యాచీ_డిర్ అనే లైను కాన్ఫిగ్ ఫైల్లో ఉంటుంది గానీ దాని ముందు హ్యాష్ గుర్తు ఉంటుంది, అంటే ఆ లైను నిద్రపోతున్నట్టే. దాచేదంతా ర్యామ్‌లోనే, అదీ 256 ఎంబీ వరకే. స్క్విడ్‌ని ఆపి మళ్లీ మొదలుపెడితే అది కూడా ఖాళీ.

పేరు గురించి చిన్న మాట. క్యాచీ అంటే ఒకసారి దించిన ఫైళ్లను మళ్లీ అడిగినవాళ్లకు ఇవ్వడానికి దాచుకునే చోటు. దాన్ని పలకాల్సింది క్యాష్ అని. అలా రాస్తే చదివేవాళ్లకు డబ్బు గుర్తొస్తుంది కాబట్టి, ఫోన్లలో అందరికీ అలవాటైన క్యాచీ అన్న మాటే వాడుతున్నాను. ఎప్పటిలాగే కమాండ్ల పేర్లు, ఫైళ్ల పేర్లు పలికినట్టు తెలుగులో రాస్తాను, మీరు టైపు చేసేది మాత్రం ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో (పెద్దవి కావాల్సిన చోట చెప్తాను). క్యాచీ అని ఉన్నచోట సీ, ఏ, సీ, హెచ్, ఈ అని కొట్టాలి.

ఉన్న డిస్క్ మీదే ఓ ఫోల్డర్ ఇచ్చేస్తే పోదా, రెండో డిస్క్ ఎందుకు అని అడగొచ్చు. అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌ని ఊహించుకోండి. గేటు దగ్గర వచ్చేపోయేవాళ్లను చూడటం అతని పని. కొన్నాళ్లకు కొరియర్ పార్శిళ్లు కూడా అతనికే ఇచ్చి పోతుంటారు. ఎవరిది వాళ్లు వచ్చి తీసుకుంటే అందరికీ సుఖమే. కానీ పార్శిళ్లతో గది నిండిపోయి అతను కూర్చోవడానికే చోటు లేకపోతే గేటు సంగతేంటి? నాకు సరిగ్గా ఇదే జరిగింది. మొదటిసారి క్యాచీని సిస్టమ్ డిస్క్ మీదే పెట్టాను, అంకెలో ఒక సున్నా ఎక్కువ కొట్టాను. సోమవారం పొద్దున ల్యాబ్‌లో ఒక్క మెషీన్‌కీ ఐపీ అడ్రస్ రావడం లేదు. స్విచ్ పోయిందనుకుని రెండు గంటలు వైర్లు పీకి పెట్టాను. తీరా చూస్తే డిస్క్ 100 శాతం నిండింది, ఐపీ అడ్రస్‌లు పంచే డీహెచ్‌సీపీకి లీజు, అంటే ఏ అడ్రస్ ఎవరికిచ్చిందో, రాసుకోవడానికి కూడా చోటు లేదు. అందుకే ఈ పాఠంలో ఏ నిర్ణయం తీసుకున్నా ఒకటే లెక్క: క్యాచీ పోతే మళ్లీ నిండుతుంది, దానివల్ల ఫైర్‌వాల్ ఆగకూడదు.

ఇంకో మాట కూడా ముందే చెప్పేస్తాను, తర్వాత నన్ను తిట్టుకోకుండా. ఈరోజు వెబ్‌లో చాలా భాగం హెచ్‌టీటీపీఎస్. అందులో స్క్విడ్‌కి కనిపించేది కనెక్ట్ అనే ఒక్క అభ్యర్థన, ఏ సైటు అన్న పేరు, అంతే. లోపల ఏముందో తెలియనిదాన్ని దాచలేదు. యూట్యూబ్ వీడియోలు ల్యాబ్ అంతటికీ ఒకేసారి దిగుతాయని ఆశపెట్టుకోకండి. లాభం ఎక్కడంటే, మామూలు హెచ్‌టీటీపీ మీద వచ్చే పెద్ద ఫైళ్లలో. డెబియన్, ఉబుంటు ప్యాకేజీలు మామూలుగా అలాగే వస్తాయి, విండోస్ అప్‌డేట్ ఫైళ్లు కూడా చాలావరకు అంతే. మీ దగ్గర ఒకే రకం మెషీన్లు 20, 30 ఉంటే ఈ కష్టానికి ఫలితం ఉంటుంది. ఇంట్లో రెండు ల్యాప్‌టాప్‌లకైతే ఈ పాఠం చదివి ఊరుకోండి, డిస్క్ కొనొద్దు.

ఇక డిస్క్. పాత పీసీలోంచి తీసిన 500 జీబీ డిస్క్ సరిపోతుంది. కొనేట్టయితే 240 జీబీ సాటా ఎస్ఎస్‌డీ మేలు, ఎందుకంటే క్యాచీ పని అంతా చిన్న చిన్న ఫైళ్లు అటూ ఇటూ వెతకడమే, తిరిగే డిస్క్ హెడ్‌కి అది శిక్ష. పీసీని ఆపి, కరెంటు వైరు పీకి, సాటా కేబుల్, పవర్ కేబుల్ రెండూ పెట్టండి. మదర్‌బోర్డు మీద ఖాళీ సాటా పోర్టు, ఎస్ఎంపీఎస్ (పీసీకి కరెంటు ఇచ్చే డబ్బా) నుంచి ఖాళీ పవర్ వైరు ఉన్నాయో లేదో డిస్క్ కొనకముందే చూసుకోవాలి. బిగించేముందు డిస్క్ మీది స్టిక్కర్‌లో సీరియల్ నంబరు ఒక కాగితం మీద రాసుకోండి. ఎందుకో ఇప్పుడే చెప్తా.

మెషీన్ ఆన్ చేశాక ఎల్ఎస్‌బీఎల్‌కే కమాండ్‌కి హైఫన్, ఇంగ్లిష్ అక్షరం ఓ కలిపిన ఆప్షన్ ఇచ్చి నేమ్, సైజ్, మోడల్, సీరియల్, మౌంట్‌పాయింట్ అనే కాలమ్‌లు అడగండి. ఎస్‌డీఏ, ఎస్‌డీబీ అని రెండు డిస్కులు కనిపిస్తాయి. ఎస్‌డీబీ అంటే కొత్తదే అయ్యుంటుందని అనుకోకండి. కొత్త డిస్క్‌ని ఏ పోర్టులో పెట్టారన్నదాన్ని బట్టి అదే ఎస్‌డీఏ అయిపోయి, మీ సిస్టమ్ డిస్క్ ఎస్‌డీబీకి జరగొచ్చు. రెండూ ఒకే సైజువైతే కంటికి తేడా తెలియదు. కాగితం మీది నంబరుతో పోల్చి చూసుకోండి. నేను కాగితం లేకుండా ఒకసారి తప్పు డిస్క్‌ని ఫార్మాట్ చేశాను, ఆ ఆదివారం మొత్తం మళ్లీ 1వ పాఠం నుంచి మొదలుపెట్టాల్సి వచ్చింది.

పాత డిస్క్ అయితే స్మార్ట్‌మన్‌టూల్స్ ప్యాకేజీ వేసి, స్మార్ట్‌సీటీఎల్ హైఫన్ ఏ అని దాని ఆరోగ్యం అడగండి. పట్టికలో 5వ నంబరు, 197వ నంబరు లైన్లు చూడండి. మొదటిది చెడిపోయి వేరేచోటికి మార్చిన సెక్టార్ల లెక్క, రెండోది చదవడం కష్టమై ఎదురుచూస్తున్న సెక్టార్ల లెక్క. చివరి కాలమ్‌లో సున్నా ఉంటే మంచిది. 197లో సున్నా కాకుండా ఏదైనా ఉంటే ఆ డిస్క్‌ని నేను వాడను.

ఇప్పుడు పార్టెడ్‌తో జీపీటీ లేబుల్ పెట్టి, డిస్క్ అంతా ఒకే పార్టిషన్ చేయండి. దాన్ని ఎంకేఎఫ్ఎస్ డాట్ ఈఎక్స్‌టీ4తో ఫార్మాట్ చేసేటప్పుడు హైఫన్ ఎం సున్నా అన్న ఆప్షన్ కలపండి. మామూలుగా ఈఎక్స్‌టీ4 ప్రతి డిస్క్‌లోనూ 5 శాతం రూట్ యూజర్ (అన్ని హక్కులూ ఉన్న అడ్మిన్) కోసం పక్కన పెడుతుంది. సిస్టమ్ డిస్క్‌కి అది ప్రాణరక్షణే గానీ ఈ డిస్క్‌కి అక్కర్లేదు, 500 జీబీలో 25 జీబీ ఊరికే పోతుంది.

తర్వాత అన్నిటికన్నా పై ఫోల్డర్‌లో, అంటే / కింద, క్యాచీ అనే ఖాళీ ఫోల్డర్ చేయండి. దాని యజమాని రూట్ యూజర్‌గానే ఉండనివ్వండి. బీఎల్‌కేఐడీ కమాండ్‌తో కొత్త పార్టిషన్ యూయూఐడీ (దానికి మాత్రమే ఉండే గుర్తింపు నంబరు) తెలుసుకుని, ఎఫ్ఎస్‌ట్యాబ్ ఫైల్లో, అంటే బూట్‌లో ఏ డిస్క్‌ని ఏ ఫోల్డర్‌కి తగిలించాలో (మౌంట్ చేయాలో) చెప్పే ఫైల్లో, ఒక లైను చేర్చండి. డిస్క్ పేరు చోట యూయూఐడీ అన్న మాట పెద్ద అక్షరాల్లో, దానికి సమానం ఆ నంబరు, మౌంట్ చోట ఆ ఫోల్డర్, టైపు ఈఎక్స్‌టీ4, ఆప్షన్లు నోఏటైమ్, నోఫెయిల్, చివర 0, 2. ఎస్‌డీబీ1 అని రాయకండి, కారణం పైనే చెప్పాను. నోఏటైమ్ అంటే ఫైలు చదివిన ప్రతిసారీ 'ఇప్పుడు చదివారు' అని డిస్క్ మీద రాయొద్దని. నోఫెయిల్ అంతకన్నా ముఖ్యం. అది లేకుండా ఈ డిస్క్ ఏ రోజైనా పలకకపోతే, బూట్ మధ్యలో ఎమర్జెన్సీ మోడ్‌లో ఆగిపోయి రూట్ పాస్‌వర్డ్ అడుగుతూ కూర్చుంటుంది. కీబోర్డు, మానిటర్ లేని ఫైర్‌వాల్ ఎమర్జెన్సీ మోడ్‌లో ఉంటే మీకు తెలిసేది 'నెట్ రావట్లేదు సార్' అన్న ఫోన్ వల్లే.

సిస్టమ్‌సీటీఎల్ డీమన్-రీలోడ్, ఆ తర్వాత మౌంట్ హైఫన్ ఏ కొట్టండి. డీఎఫ్ హైఫన్ హెచ్‌లో కొత్త డిస్క్ కనిపించాలి. కనిపించాకే, అంటే డిస్క్ నిజంగా మౌంట్ అయ్యాకే, క్యాచీ లోపల స్క్విడ్ అనే ఫోల్డర్ చేసి దాని యజమానిని సీహెచ్ఓన్‌తో ప్రాక్సీ యూజర్‌కి, ప్రాక్సీ గ్రూపుకి మార్చండి. డెబియన్‌లో స్క్విడ్ నడిచేది ఆ యూజర్ పేరుతోనే. రెడ్‌హ్యాట్ కుటుంబం వాళ్లకు ఆ యూజర్ పేరు స్క్విడ్, పైగా ఎస్ఈలైనక్స్ లేబుల్ కూడా మార్చుకోవాలి.

ఇక్కడ కాసేపు ఆగాలి. ఎంత సైజు ఇద్దాం?

డిస్క్ 500 జీబీ కదా, 500 ఇచ్చేద్దాం అనిపిస్తుంది. ముందు డిస్క్ లెక్క: కంపెనీ చెప్పే 500 జీబీ కంప్యూటర్ లెక్కలో 465 చిల్లర. అందులో 20 శాతం ఖాళీగా వదలమని స్క్విడ్ తయారీదారులే చెబుతారు, అంటే 370 దాకా వస్తుంది. కానీ అసలు అడ్డం డిస్క్ కాదు, ర్యామ్. డిస్క్ మీద ఏ వస్తువు ఎక్కడుందో చెప్పే చిట్టా మొత్తాన్ని స్క్విడ్ ర్యామ్‌లోనే ఉంచుకుంటుంది. 64 బిట్ మెషీన్‌లో ప్రతి 1 జీబీ క్యాచీకి సుమారు 14 ఎంబీ ర్యామ్ అని లెక్క వేసుకోవాలి. 370 జీబీ ఇస్తే చిట్టాకే 5 జీబీ పైన. మన పాత పీసీలో ఉన్నదే 4 జీబీ. ర్యామ్ చాలక స్వాప్‌లోకి, అంటే ర్యామ్ బదులు డిస్క్ వాడుకోవడంలోకి, దిగితే, క్యాచీ లేనప్పటికన్నా నెట్ నెమ్మదిస్తుంది. వేగం కోసం పెట్టిన డిస్కే బ్రేకు అవుతుంది.

కాబట్టి 100 జీబీ ఇద్దాం. చిట్టాకి 1.4 జీబీ, క్యాచీ మెమరీకి ముందునుంచీ ఉన్న 256 ఎంబీ, మిగతాది ఫైర్‌వాల్‌కి, డీఎన్ఎస్‌కి, సిస్టమ్‌కి. ఈ 14 ఎంబీ లెక్క ఒక్కో వస్తువు సగటున 13 కేబీ అనుకుని వేసింది. మనం దాచేవి ఎక్కువగా పెద్ద ఫైళ్లు కాబట్టి అసలు ఖర్చు ఇంకా తగ్గుతుంది. అయినా ఒక నెల చూసి పెంచుకోవచ్చు, ముందే సాహసం వద్దు. మిగిలిన 365 జీబీ ఖాళీగా ఉందే అని బాధ పడేవాళ్లు ఇంకాస్త ర్యామ్ కొనండి.

స్క్విడ్ కాన్ఫిగ్ ఫోల్డర్‌లో కాన్ఫ్ డాట్ డీ అని ఒక ఉపఫోల్డర్ ఉంది. అందులో మనదైన కొత్త ఫైలు, చివర డాట్ కాన్ఫ్ ఉండేలా పేరు పెట్టి, ఈ రెండు లైన్లు రాయండి:

మ్యాగ్జిమమ్_ఆబ్జెక్ట్_సైజ్ 1 జీబీ
క్యాచీ_డిర్ ఏయూఎఫ్ఎస్ /క్యాచీ/స్క్విడ్ 100000 64 256

వరుస మార్చకండి. మామూలుగా స్క్విడ్ 4 ఎంబీ దాటినదేదీ డిస్క్ మీద దాచదు. ఆ హద్దు పెంచే లైను క్యాచీ_డిర్ కన్నా ముందు ఉండాలి, కింద రాస్తే పాత 4 ఎంబీ దగ్గరే ఆగిపోతుంది. అప్‌డేట్ ఫైళ్లు ఎందుకు దాచడం లేదో అర్థం కాక జుట్టు పీక్కునేవాళ్లలో చాలామంది ఇక్కడే జారుతారు. రెండో లైనులో ఏయూఎఫ్ఎస్ అంటే డిస్క్ పనిని వేరే థ్రెడ్లకు అప్పగించే పద్ధతి, డిస్క్ నెమ్మదించినా స్క్విడ్ మొత్తం ఆగదు. 100000 అంటే ఎంబీల్లో సైజు. 64, 256 అంటే పై వరసలో 64 ఫోల్డర్లు, ఒక్కోదానిలో 256. ఈ డిస్క్ మీద ఇంకో క్యాచీ_డిర్ పెట్టకండి, రెండూ ఒకే హెడ్ కోసం కొట్టుకుంటాయి. రెయిడ్ (ఒక డిస్క్ పోయినా డేటా పోకుండా రెండు డిస్కుల్లో ఉంచడం) కూడా అక్కర్లేదు, పోతే మళ్లీ దొరికేదానికి కాపలా దండగ.

స్క్విడ్ హైఫన్ కే పార్స్ అని కొట్టి తప్పుల్లేవని చూసుకోండి. ఇంకా రీస్టార్ట్ చేయొద్దు, ఒక ఉచ్చు ఉంది.

పాత పాఠాలు చూస్తే, స్క్విడ్ హైఫన్ జెడ్ అనే కమాండ్ చేత్తో కొట్టి ఫోల్డర్లు తయారు చేసుకోమని ఉంటుంది. డెబియన్‌లో ఆ అవసరం లేదు, సర్వీసు మొదలైన ప్రతిసారీ ముందు అదే ఆ పని చేస్తుంది. సౌకర్యమే. కానీ ఒకరోజు డిస్క్ మౌంట్ కాలేదనుకోండి. నోఫెయిల్ ఉంది కాబట్టి బూట్ ఆగదు. స్క్విడ్‌కి రాసే హక్కు ఉంటే, అదే పేరున్న ఖాళీ ఫోల్డర్‌లో, అంటే సిస్టమ్ డిస్క్ మీద, కొత్త క్యాచీ కట్టుకుని నింపడం మొదలుపెడుతుంది. మళ్లీ నా సోమవారం కథే. అందుకే పై ఫోల్డర్‌ని రూట్ పేరు మీద ఉంచాం, లోపలి ఫోల్డర్‌ని డిస్క్ మౌంట్ అయ్యాకే చేశాం. ఇంకో గొళ్లెం కూడా వేద్దాం. సిస్టమ్‌సీటీఎల్ ఎడిట్ స్క్విడ్ అని కొట్టి, తెరుచుకున్న చోట చదరపు బ్రాకెట్లలో యూనిట్ అని రాసి, ఆ విభాగం కింద రిక్వైర్స్‌మౌంట్స్‌ఫర్ అని రాసి, దానికి సమానం /క్యాచీ ఇవ్వండి. ఇందులో ఆర్, ఎం, ఎఫ్ పెద్ద అక్షరాలు, యూనిట్‌లో మొదటి యూ కూడా. దీంతో డిస్క్ లేకపోతే స్క్విడ్ మొదలవదు. ఫైర్‌వాల్ మాత్రం లేస్తుంది.

ఇప్పుడు రీస్టార్ట్ చేయండి. ఆగడానికే అర నిమిషం పట్టొచ్చు, ఉన్న కనెక్షన్లు ముగియాలని స్క్విడ్ 30 సెకన్ల దాకా ఎదురుచూస్తుంది. టెన్షన్ పడి పవర్ బటన్ నొక్కేవాళ్లను చూశాను. నొక్కకండి.

లేచాక, ల్యాబ్‌లోని ఏదైనా లైనక్స్ మెషీన్ నుంచి డెబియన్ మిర్రర్‌లో 5, 10 ఎంబీలుండే ఒక ప్యాకేజీని కర్ల్ అనే డౌన్‌లోడ్ కమాండ్‌తో, ప్రాక్సీ అడ్రస్, 3128 పోర్టు ఇచ్చి రెండుసార్లు దించండి. యాక్సెస్ లాగ్‌లో మొదటిసారి టీసీపీ మిస్, రెండోసారి టీసీపీ హిట్ పడాలి. చిన్న ఫైలుతో చూస్తే మెమ్ హిట్ అని రావొచ్చు. అది ర్యామ్ నుంచి వచ్చింది, మన డిస్క్‌కి పరీక్ష కాదు. 512 కేబీ దాటినవి మామూలుగా ర్యామ్‌లో ఉంచుకోదు, అందుకే పెద్ద ఫైలు అడిగాను. రెండుసార్లూ మిస్ వస్తే ఆ రెండు లైన్ల వరుస మళ్లీ చూడండి.

చివరి పరీక్ష చాలామంది ఎగ్గొడతారు. ల్యాబ్‌లో ఎవరూ లేని సమయం చూసి మెషీన్ ఆపండి. కొత్త డిస్క్ సాటా కేబుల్ పీకి, మళ్లీ ఆన్ చేయండి. పక్క మెషీన్‌కి ఐపీ రావాలి, పింగ్ పోవాలి, ఎస్ఎస్‌హెచ్‌తో ఫైర్‌వాల్‌లోకి వెళ్లగలగాలి. సిస్టమ్‌సీటీఎల్ స్టేటస్ స్క్విడ్ అడిగితే డిపెండెన్సీ కుదరలేదని చెప్పాలి. క్యాచీ ఫోల్డర్ లోపల ఏమీ ఉండకూడదు. ఈ అయిదూ సరిగ్గా ఉంటే ఆపి, కేబుల్ పెట్టి, మూత బిగించండి. మూత బిగించేముందు ఆ సీరియల్ నంబరు కాగితాన్ని క్యాబినెట్ లోపలి వైపు అంటించండి.

7వ పాఠంలో విండోస్ అప్‌డేట్ ముక్కలు ముక్కలుగా అడిగే ఫైళ్లను మొత్తంగా దాచేలా చేయడం, నెల తిరిగాక లాగ్‌లోంచి హిట్ల శాతం లెక్కకట్టడం చూద్దాం. అప్పటిదాకా యాక్సెస్ లాగ్‌లు తుడిచేయకండి, అవే మన ముడిసరుకు.