మెటబాలిక్ సిండ్రోమ్ ఉన్నవారికి కాలేయ క్యాన్సర్ ఆపరేషన్: ముందూ తరువాతా చూసుకోవలసినవి

కాలేయంలో క్యాన్సర్ గడ్డ ఉందని, ఆపరేషన్‌తో దాన్ని తీసివేయవచ్చని వైద్యులు చెప్పగానే చాలా కుటుంబాలు సగం గండం గడిచినట్టు భావిస్తాయి. కోసి తీయగలిగిన దశలో గడ్డ దొరకడం నిజంగా మేలే. అయితే రోగికి మధుమేహం, అధిక రక్తపోటు, పొట్ట చుట్టూ కొవ్వు కూడా ఉన్నప్పుడు ఆపరేషన్ ఫలితాన్ని రెండు వేరు లెక్కలుగా చూడాలి. మొదటిది ఆపరేషన్ తరువాతి మూడు నెలల లెక్క, రెండవది ఆ తరువాతి సంవత్సరాల లెక్క. మొదటి లెక్కలో మెటబాలిక్ సిండ్రోమ్ ఉన్నవారికి గుండె, ఊపిరితిత్తులు, ఇన్ఫెక్షన్లు, కాలేయ వైఫల్యం రూపంలో ముప్పు ఎక్కువ. రెండవ లెక్కలో వారి ఫలితాలు, హెపటైటిస్ వైరస్ వల్ల క్యాన్సర్ వచ్చినవారితో సమానంగానో, కొంత మెరుగ్గానో ఉన్నట్టు పలు అధ్యయనాల్లో కనిపించింది. ఈ రెండు లెక్కలను కలిపి చదివితే అనవసరమైన భయమైనా పుడుతుంది, అంతకన్నా ప్రమాదకరమైన నిశ్చింతైనా పుడుతుంది. ఇక్కడ చెబుతున్నది కాలేయ కణాల్లోనే మొదలయ్యే హెపటోసెల్యులర్ కార్సినోమా గురించి మాత్రమే. వేరే అవయవం నుంచి కాలేయానికి పాకిన గడ్డలకు ఈ లెక్కలు వర్తించవు.

రోగి ఏ కోవలోకి వస్తారు?

ఐదు కొలతల్లో ఏ మూడు గీత దాటినా దాన్ని మెటబాలిక్ సిండ్రోమ్ అంటారు. అవి నడుము చుట్టుకొలత, 150 మిల్లీగ్రాములు లేదా అంతకు మించిన ట్రైగ్లిజరైడ్లు, పురుషుల్లో 40కి, స్త్రీలలో 50కి తగ్గిన హెచ్‌డీఎల్ (మంచి కొలెస్టరాల్), 130/85 లేదా అంతకు మించిన రక్తపోటు, పరగడుపున 100 లేదా అంతకు మించిన చక్కెర. మందులతో అదుపులో ఉన్నా ఆ అంశం లెక్కలోకి వస్తుంది కాబట్టి, ‘మా నాన్నగారికి బీపీ మాత్రతో నార్మల్‌గానే ఉంటుంది’ అని ఆ వివరాన్ని వదిలేయకూడదు. నడుము కొలత పరిమితి జనసమూహాన్ని బట్టి మారుతుంది. దక్షిణాసియా మూలాలున్నవారిలో పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు.

దీనితో ముడిపడిన కొవ్వు కాలేయ వ్యాధికి 2023లో అంతర్జాతీయ కాలేయ వైద్య సంఘాలు ఎంఏఎస్ఎల్‌డీ అనే కొత్త పేరు ఖాయం చేశాయి. పాత రిపోర్టులో ఎన్‌ఏఎఫ్‌ఎల్‌డీ అని, కొత్తదానిలో ఎంఏఎస్ఎల్‌డీ అని ఉంటే రెండు జబ్బులు వచ్చాయని కంగారు పడనవసరం లేదు. ఈ జబ్బుకు ఒక చిక్కు ఉంది. సాధారణంగా కాలేయ క్యాన్సర్ సిర్రోసిస్ (కాలేయం మచ్చలు కట్టి గట్టిపడటం) ముదిరిన కాలేయంలో పుడుతుంది, కొవ్వు కాలేయంలో మాత్రం మూడో వంతు లేదా అంతకన్నా ఎక్కువ మందిలో సిర్రోసిస్ లేకుండానే పుడుతుంది. క్రమం తప్పని స్కాన్లు సిర్రోసిస్ ఉన్నవారికే ఎక్కువగా సూచిస్తారు కాబట్టి వీరిలో గడ్డ ఆలస్యంగా, పెద్దదయ్యాక బయటపడుతుంది. అదే సమయంలో మిగతా కాలేయం కాస్త ఆరోగ్యంగా ఉండటం వల్ల పెద్ద ఆపరేషన్‌ను తట్టుకునే అవకాశమూ వీరికి ఉంటుంది. దీర్ఘకాల ఫలితాలు మరీ తీసికట్టుగా లేకపోవడానికి ఇదొక ముఖ్య కారణం.

ఆపరేషన్‌కు ముందు అడగవలసిన ప్రశ్నలు

మొట్టమొదట అడగవలసినది గడ్డ ఎంత పెద్దదని కాదు, కోసిన తరువాత ఎంత కాలేయం మిగులుతుందని. సీటీ స్కాన్ ఆధారంగా మిగిలే భాగం పరిమాణాన్ని ముందే లెక్క కడతారు. ఆరోగ్యమైన కాలేయమైతే కనీసం 20 శాతం, కొవ్వు పట్టినదైతే 30 శాతం, సిర్రోసిస్ ఉంటే 40 శాతం మిగలాలన్నది శస్త్రచికిత్సకులు పాటించే స్థూలమైన కొలమానం. కొవ్వు పట్టిన కాలేయం నెమ్మదిగా తిరిగి పెరుగుతుంది, ఆపరేషన్‌లో రక్తప్రసరణను కాసేపు ఆపినప్పుడు కలిగే దెబ్బను తక్కువగా తట్టుకుంటుంది. ఈ తేడా అందుకే. మిగిలే భాగం చాలదనిపిస్తే, తీసివేయబోయే వైపు వెళ్లే పోర్టల్ సిరను (పేగుల నుంచి కాలేయానికి రక్తం తెచ్చే నాళం) ముందుగా మూసివేసి, రెండో వైపు పెరిగేదాకా కొన్ని వారాలు ఆగుతారు. ‘గడ్డ ఉందని తెలిసీ ఆపరేషన్ వాయిదా వేస్తున్నారు’ అని కుటుంబం ఆందోళన పడేది ఇక్కడే, కానీ ఆ ఎదురుచూపు చికిత్సలో భాగమే. పైగా, ఆ వ్యవధిలో కాలేయం సరిగా పెరగకపోతే, పెద్ద ఆపరేషన్‌ను అది తట్టుకోలేదన్న హెచ్చరిక ముందే అందినట్టు.

పరిమాణంతో పాటు పనితీరూ చూడాలి. బిలిరుబిన్ (కామెర్లను చూపే కొలత), అల్బుమిన్ (కాలేయం తయారుచేసే ప్రొటీన్), ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టడానికి పట్టే సమయపు కొలత), పొట్టలో నీరు, మెదడుపై ప్రభావం అనే ఐదింటితో వేసే చైల్డ్-ప్యూ స్కోరులో, పనితీరు బాగున్న ‘ఏ’ తరగతిలో ఉన్నవారికే సాధారణంగా కాలేయ కోత చేస్తారు. ప్లేట్‌లెట్లు లక్షకు తగ్గి, ప్లీహం పెరిగి ఉంటే పోర్టల్ సిరలో ఒత్తిడి పెరిగిందేమోనని అనుమానించాలి; అది ఉంటే ఆపరేషన్ ముప్పు పెరుగుతుంది. గడ్డకు దూరంగా ఉన్న కాలేయంలో కొవ్వు, వాపు, ఫైబ్రోసిస్ (మచ్చకట్టడం) ఏ స్థాయిలో ఉన్నాయో స్కాన్ల వల్ల తేలకపోతే ఆ భాగం నుంచి బయాప్సీ తీయవలసి ఉంటుందేమో అడగడం తప్పు కాదు. హెపటైటిస్ బీ, సీ పరీక్షలు కూడా జరిగాయో లేదో చూసుకోవాలి. కొవ్వు కాలేయం ఉన్నంత మాత్రాన వైరస్ లేదనుకోవడానికి వీల్లేదు. హెపటైటిస్ బీ ఉంటే యాంటీవైరల్ మందు క్యాన్సర్ తిరగబెట్టే ముప్పును తగ్గిస్తుంది.

గుండె విషయంలో మొహమాటం పనికిరాదు. మెట్లెక్కేటప్పుడు ఆయాసం, ఛాతీలో బరువు, గతంలో వేసిన స్టెంట్, రాత్రిపూట గట్టి గురక, నిద్రలో ఊపిరి ఆగినట్టు కావడం వంటివి మత్తు వైద్యులకు అడగకముందే చెప్పాలి. నిద్రలో ఊపిరి ఆగే జబ్బు ఉన్నట్టు ముందే తెలిస్తే ఆపరేషన్ తరువాత నొప్పి మందులు, ఆక్సిజన్ పర్యవేక్షణ తదనుగుణంగా ఉంటాయి. పొగ తాగేవారు కనీసం నాలుగు వారాల ముందు మానగలిగితే ఊపిరితిత్తుల సమస్యలు తగ్గుతాయి.

మందుల జాబితా విడిగా రాసుకుని తీసుకువెళ్లడం మంచిది. డపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వంటి షుగరు మాత్రలను కనీసం మూడు రోజుల ముందు ఆపిస్తారు, ఎందుకంటే ఉపవాసంలో అవి రక్తంలో చక్కెర మామూలుగా ఉన్నట్టు కనిపిస్తూనే కీటోఆమ్లాలను పెంచగలవు. సెమాగ్లుటైడ్ తరహా ఇంజెక్షన్లు జీర్ణాశయం ఖాళీ కావడాన్ని మందగింపజేస్తాయి కాబట్టి చివరి మోతాదు తేదీ మత్తు వైద్యులకు తెలియాలి. కొలెస్టరాల్ తగ్గించే స్టాటిన్‌ను మాత్రం ‘కాలేయానికి పడదు’ అనే భయంతో సొంతంగా ఆపకూడదు; పనితీరు నిలకడగా ఉన్న కాలేయ వ్యాధిలో అది సాధారణంగా సురక్షితమే. రక్తాన్ని పలుచన చేసే మందులు ఎప్పుడు ఆపాలో, ఎప్పుడు మళ్లీ మొదలుపెట్టాలో రాతపూర్వకంగా తీసుకోవాలి.

ఇక బరువు సంగతి. లావుగా ఉన్నారు కదా అని ఆపరేషన్‌కు ముందు తిండి మానేయించడం చాలా ఇళ్లలో జరిగే పొరపాటు. బయటికి లావుగా కనిపించే మనిషిలో లోపల కండ కరిగిపోయి ఉండవచ్చు, అలాంటివారికి ఆపరేషన్ తరువాత కోలుకోవడం కష్టమవుతుంది. తక్కువ కేలరీల ఆహారంతో కాలేయంలో కొవ్వు కొన్ని వారాల్లోనే తగ్గుతుందన్నది నిజమే. అయినా అది పోషకాహార నిపుణుల పర్యవేక్షణలో, ప్రొటీన్ తగ్గకుండా జరగాలి. కాలేయ వ్యాధి ఉన్నవారికి సాధారణంగా కిలో బరువుకు రోజుకు 1.2 నుంచి 1.5 గ్రాముల ప్రొటీన్ సూచిస్తారు. స్థూలకాయులలో ఆ లెక్కకు ఏ బరువు తీసుకోవాలో నిపుణులే చెప్పాలి. రోజూ నడక, శ్వాస వ్యాయామాలు ఆ కొద్ది వారాల్లో చేయగలిగినంత చేయడం మేలు.

ఆపరేషన్ తరువాత మొదటి వారాలు

ఆసుపత్రిలో చక్కెరను సాధారణంగా 140 నుంచి 180 మధ్య ఉంచాలని చూస్తారు. మరీ బిగించి తగ్గించాలని చూడటంలో ఒక ప్రమాదం దాగి ఉంది: కాలేయం చక్కెరను నిల్వ చేసి, అవసరమైనప్పుడు విడుదల చేసే అవయవం, దానిలో పెద్ద భాగం తీసేసిన తరువాత ఆ నిల్వ తగ్గుతుంది, కాబట్టి పాత మోతాదులోనే ఇన్సులిన్ ఇస్తే చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. ఇంటికి వెళ్లేటప్పుడు షుగరు మందుల మోతాదు మారిందా అని తప్పక అడగాలి.

అయిదవ రోజు రక్త పరీక్షకు ప్రత్యేక ప్రాధాన్యం ఉంది. మొదటి రోజుల్లో బిలిరుబిన్, ఐఎన్ఆర్ పెరగడం మామూలే, కానీ అయిదవ రోజుకు బిలిరుబిన్ 3 దాటి, ఐఎన్ఆర్ 1.7 దాటి ఉంటే మిగిలిన కాలేయం పని మోయలేకపోతోందని శస్త్రచికిత్సకులు తీవ్రంగా తీసుకుంటారు. కాళ్లలో రక్తం గడ్డకట్టే ముప్పు స్థూలకాయం, క్యాన్సర్ రెండింటి వల్లా పెరుగుతుంది. త్వరగా లేచి నడవడంతో పాటు కొందరికి ఇంటికి వెళ్లాక కూడా కొన్ని వారాలు ఇంజెక్షన్లు కొనసాగిస్తారు. ఇంట్లో ఉన్నప్పుడు జ్వరం, కళ్లు పచ్చబడటం, పొట్ట ఉబ్బడం, కోత దగ్గర చీము, ఒక కాలు వాయడం, మనిషి మగతగానో తికమకగానో ఉండటం కనిపిస్తే తరువాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకూడదు. నొప్పికి దుకాణంలో దొరికే ఇబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటివి సొంతంగా వేసుకోకూడదు.

తిరగబెట్టడాన్ని కనిపెట్టుకుని ఉండటం

కాలేయ కోత తరువాత అయిదేళ్లలో క్యాన్సర్ తిరిగి కనిపించే అవకాశం, కారణం ఏదైనా, 70 శాతం వరకూ ఉంటుంది. ఈ అంకె చూసి ఆపరేషన్ వృథా అనుకోవడం పొరపాటు, ఎందుకంటే త్వరగా దొరికిన రెండో గడ్డకు మళ్లీ కోత, వేడితో గడ్డను మాడ్చే అబ్లేషన్, రక్తనాళం ద్వారా మందు పంపే చికిత్స, తగినవారికి కాలేయ మార్పిడి వంటి దారులు ఉన్నాయి. మొదటి రెండేళ్లలో వచ్చేది చాలావరకు పాత గడ్డ వదిలిన కణాల వల్ల. ఆ తరువాత వచ్చేది తరచుగా, జబ్బుపడిన కాలేయంలో కొత్తగా పుట్టిన క్యాన్సర్. ఈ విభజన రోగికి కూడా ఉపయోగమే. మొదటి రకం గడ్డ స్వభావాన్ని బట్టి ఉంటుంది కాబట్టి, తీసిన గడ్డను పరీక్షించి ఇచ్చే పాథాలజీ రిపోర్టులో సూక్ష్మ రక్తనాళాల్లోకి క్యాన్సర్ చొరబడిందా, అంచులు శుభ్రంగా ఉన్నాయా, పక్కన చిన్న గడ్డలు ఉన్నాయా అన్నవి చూడాలి. రెండో రకం మీద మాత్రం మధుమేహం, కొవ్వు, ఫైబ్రోసిస్ ప్రభావం చూపుతాయి. నా అభిప్రాయంలో మెటబాలిక్ సిండ్రోమ్ ఉన్న రోగి చేతిలో ఎక్కువగా ఉన్నది ఈ రెండో భాగమే.

మొదటి రెండేళ్లు మూడు నుంచి ఆరు నెలలకొకసారి, ఆ తరువాత ఆరు నెలలకొకసారి సీటీ లేదా ఎంఆర్ఐ, దానితో పాటు ఏఎఫ్‌పీ (కాలేయ క్యాన్సర్‌ను సూచించే రక్తపు గుర్తు) పరీక్ష చేయించడం ఆనవాయితీ. పొట్ట కొవ్వు ఎక్కువగా ఉన్నవారిలో అల్ట్రాసౌండ్ చిత్రం మసకగా వస్తుంది. ‘స్కాన్ తీశాం, ఏమీ లేదు’ అన్న మాట అల్ట్రాసౌండ్ గురించైతే, కాలేయం మొత్తం స్పష్టంగా కనిపించిందా అని అడగాలి. ఏఎఫ్‌పీ మామూలుగా ఉండి గడ్డ ఉన్న సందర్భాలూ తక్కువేమీ కావు.

తిరగబెట్టకుండా ఆపరేషన్ తరువాత మందు వాడవచ్చా అన్నది అందరూ అడిగే ప్రశ్న. సొరాఫెనిబ్ పెద్ద పరీక్షలో మేలు చూపలేదు. అటెజోలిజుమాబ్, బెవాసిజుమాబ్ జంట మొదట ఆశ కలిగించినా, ఎక్కువ కాలం గమనించాక ఆ మేలు నిలవలేదు. కాబట్టి ఏదైనా మందు సూచించినప్పుడు అది పరిశోధనలో భాగమా, మామూలు చికిత్సా అని స్పష్టంగా తెలుసుకోవాలి.

గాయం మానిన తరువాత, సాధారణంగా కొన్ని నెలలకు, బరువు గురించి నెమ్మదిగా ఆలోచించవచ్చు. శరీర బరువులో 7 నుంచి 10 శాతం తగ్గితే కాలేయపు వాపు తగ్గుతుందని తెలుసు, అయితే తెలియకుండా తగ్గుతున్న బరువు వేరు, అది హెచ్చరిక. మద్యం పూర్తిగా మానాలి. మెట్‌ఫార్మిన్, స్టాటిన్ వాడేవారిలో కాలేయ క్యాన్సర్ తక్కువగా కనిపించిందని పరిశీలనలు ఉన్నా, క్యాన్సర్ కోసమే వాటిని మొదలుపెట్టడానికి అవి చాలవు. షుగరుకీ కొలెస్టరాల్‌కీ అవసరమైతే వాడటానికి సంకోచించనవసరం లేదు. కాలేయ వైద్యుని దగ్గరికి క్రమంగా వెళుతూ గుండె వైద్యుని దగ్గరికి వెళ్లడం మానేసేవారు చాలామంది. క్యాన్సర్ తిరిగిరాకుండా నాలుగైదేళ్లు గడిచిన వ్యక్తికి గుండెపోటు, పక్షవాతం ముప్పు అలాగే ఉంటుంది కాబట్టి, స్కాన్ తేదీలు రాసుకునే పుస్తకంలోనే రక్తపోటు, మూడు నెలల సగటు చక్కెర, కొలెస్టరాల్ అంకెలకూ ఒక పేజీ ఉండాలి, ప్రతి వైద్యునికీ ఆ పుస్తకం మొత్తం చూపించాలి.