పెద్ద మాత్‌ను గుర్తుపట్టడం – మూడో పాఠం: రంగు కంటే ముందు మీసాలు

పోయిన పాఠంలో మాత్‌ను, అంటే సీతాకోకచిలుకలా ఉండి ఎక్కువగా రాత్రిపూట తిరిగే పురుగును, ముట్టుకోకుండా ఫొటోలు తీయడం నేర్చుకున్నాం: పైనుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి, స్కేలు పెట్టి ఇంకొకటి. ఇప్పుడు వాటిని ముందు పెట్టుకోండి. ఈ రోజు జాతి పేరు దాకా వెళ్లం, కుటుంబం, అంటే దగ్గరి జాతులన్నీ కలిసిన పెద్ద గుంపు, తేలితే చాలు.

కొత్త మాత్ కనబడగానే మనం వెతికేది రంగుతోనే. "గోధుమ రంగు, పెద్ద రెక్కలు" అని వెతికితే వందల బొమ్మలొస్తాయి, అన్నీ మనదానిలాగే ఉంటాయి. రెక్కల రంగు వాటి మీది సన్నటి పొలుసుల వల్ల వస్తుంది. ఎగిరేకొద్దీ అవి రాలి, రెక్క వెలిసిపోతుంది. దసలి పట్టునిచ్చే మాత్‌లోనైతే ఒకే జాతిలో పసుపువీ, ఇటుక రంగువీ, బూడిద రంగువీ ఉంటాయి. అందుకే రంగును ఆఖరికి ఉంచండి.

ముందు మీసాలు, అంటే తల మీది రెండు యాంటెన్నాలు, చూడండి. ఫొటోను పెద్దది చేసి, తల దగ్గర ఆగండి. పక్షి ఈకలా రెండు వైపులా పళ్లతో ఉన్నాయా? పెద్ద మాత్ విషయంలో మొదట పట్టు మాత్‌ల కుటుంబాన్ని, అంటే సాటర్నిడ్‌లను అనుమానించాలి. అట్లస్ మాత్, మూన్ మాత్ ఇందులోవే. మగదాని ఈక బాగా వెడల్పు, ఆడదానిది సన్నం. చీకట్లో ఎంతో దూరాన ఉన్న ఆడమాత్ వాసనను మగది ఆ మీసాలతోనే పసిగడుతుంది. ఈ తేడా తెలియక ఒకే జాతి ఆడ, మగలను నేను చాలాకాలం రెండు వేర్వేరు జాతులుగా రాసుకున్నాను. మీ నోట్‌బుక్‌లో మీసాలకు ఒక గడి తప్పకుండా పెట్టండి.

మీసం కాస్త లావుగా ఉండి, కొన సన్నబడి కొక్కెంలా వంగితే అది హాక్ మాత్. కూర్చున్నప్పుడు దాని ఇరుకైన పొడవాటి రెక్కలు జెట్ విమానం రెక్కల్లా వెనక్కి వాలి ఉంటాయి. ఒళ్లు బలంగా ఉండి తోక వైపు సన్నబడుతుంది. వీపు మీద పుర్రెలాంటి గుర్తు ఉండి, కదిలిస్తే కీచుమంటే అది డెత్స్ హెడ్ హాక్ మాత్. తేనె కోసం తేనెపట్టుల్లోకి దూరేది ఇదే.

మీసం వట్టి దారంలా ఉండి, రెక్కలు గోడకు అతికించినట్టు పూర్తిగా పరిచి ఉంటే ఎరెబిడ్ కుటుంబం వైపు చూడండి. గుడ్లగూబ కళ్లలాంటి మచ్చలుండే అవుల్ మాత్‌లు ఇందులోవి. వాటి ముందు రెక్క మీది అలల గీతలు చాలాసార్లు వెనుక రెక్క మీదికీ సాగుతాయి.

ఇంకో మంచి ఆధారం తిండి. పెద్ద సాటర్నిడ్‌లు రెక్కలొచ్చాక ఏమీ తినవు. గొంగళిపురుగుగా ఉన్నప్పుడు దాచుకున్న కొవ్వుతోనే కొద్ది రోజులు బతుకుతాయి. కాబట్టి మీ మాత్ మగ్గిన పండు మీదో పూల దగ్గరో రసం తాగుతూ కనబడిందంటే, అది ఎంత పెద్దదైనా అట్లస్ కాదు.

అట్లస్ అని రూఢి చేసుకోవడానికి రెండు గుర్తులు: రెక్కల్లో అద్దపు ముక్కల్లాంటి ముక్కోణపు కిటికీలు, ముందు రెక్క కొనన పాము తలలాంటి వంపు. రెక్కలు చాపితే 24 సెంటీమీటర్ల దాకా ఉండొచ్చు. మూన్ మాత్‌కు పొడవాటి తోకలుంటాయి కానీ, అవి లేవని కొట్టిపారేయకండి. గబ్బిలాల దాడి ఒంటి మీద కాకుండా ఆ తోకల మీదికి మళ్లుతుంది, అలా తెగినవి తరచుగా కనిపిస్తాయి.

అభ్యాసం: బూడిద కలిసిన గోధుమ రంగు, రెక్కలు చాపితే 12 సెంటీమీటర్లు, గోడకు పరుచుకుని ఉంది, దారంలాంటి మీసం, ముందు రెక్క మీద పెద్ద కన్ను, రాత్రి మగ్గిన పండు మీద వాలింది. కుటుంబం ఏది? ఏ గుర్తును బట్టి చెప్పారో కూడా, రంగు మాట ఎత్తకుండా రాయండి. వచ్చే పాఠం ఈ జవాబుతో మొదలుపెట్టి, గొంగళిపురుగు తినే ఆకును బట్టి జాతిని ఎలా పట్టుకోవాలో చూద్దాం.