ల్యాండ్‌లైన్ నుంచి సెల్‌కి కాల్ వెళ్లట్లేదా? ముందు సున్నా కొట్టి చూడండి

ఇంట్లో ఇంకా ల్యాండ్‌లైన్ ఉన్నవాళ్ల కోసం ఇది, అందులోనూ ఊళ్లో అమ్మానాన్నల దగ్గర ఆ ఫోన్ ఉండి, తాము వేరేచోట ఉద్యోగాలు చేసుకుంటున్నవాళ్ల కోసం. 2021 జనవరి 15 నుంచి ల్యాండ్‌లైన్‌లో ఏ సెల్ నంబరుకి చేసినా ముందు సున్నా కొట్టాలి. లేకపోతే కాల్ కలవదు. సున్నా కలిపి చేయమని రికార్డింగ్ వస్తుంది కానీ పెద్దవాళ్లకి అది సరిగా వినపడక ఫోన్ పాడైందనుకుంటారు.

అంతకుముందూ సున్నా ఉండేది, వేరే సర్కిల్ (ఫోన్ సేవల కోసం దేశాన్ని విడదీసిన ప్రాంతం) నంబర్లకి మాత్రమే. హైదరాబాద్ నుంచి బెంగళూరు సెల్‌కి కావాలి, విజయవాడ సెల్‌కి అక్కర్లేదు (రాష్ట్రాలు విడిపోయినా టెలికాం లెక్కలో రెండూ ఒకటే సర్కిల్). ఇప్పుడు పక్కింటివాళ్ల సెల్‌కైనా సున్నానే, నన్నడిగితే గుర్తుపెట్టుకోవడానికి ఇదే తేలిక. ఇదంతా కొత్త సెల్ నంబర్లకి చోటు కోసం: ఈ ఒక్క సున్నాతో దాదాపు 254 కోట్ల నంబర్లు అదనంగా అందుబాటులోకి వస్తాయని లెక్క వేశారు. సెల్ నంబరునే 11 అంకెలు చేసుంటే దేశంలో అందరం కాంటాక్టులు మార్చుకుంటూ కూర్చునేవాళ్లం.

చేయాల్సింది కొంచెమే. ఫోన్ పక్కన గోడమీదో డైరీలోనో రాసిపెట్టిన సెల్ నంబర్లు ఉంటాయి కదా, వాటన్నిటి ముందూ పెద్దగా సున్నా రాయండి. ఫోన్ మెమరీ బటన్లలో దాచినవి చెరిపేసి సున్నాతో మళ్లీ ఫీడ్ చేయండి, చాలామంది మర్చిపోయేది దీన్నే. ఆఫీసు ఇంటర్‌కామ్ అయితే బయటి లైను కోసం కొట్టే 0 గానీ 9 గానీ వేరు, అది కొట్టాక ఈ సున్నా మళ్లీ కొట్టాలి. సున్నా నొక్కగానే లైను ఆగిపోతుంటే మీ కనెక్షన్‌కి ఎస్టీడీ సౌకర్యం ఉందో లేదో కంపెనీవాళ్లని అడగండి.

ల్యాండ్‌లైన్ నుంచి అదే ఊళ్లో ల్యాండ్‌లైన్‌కి ఈ సున్నా గొడవ లేదు. సెల్ నుంచి సెల్‌కీ అంతే. సెల్ నుంచి హైదరాబాద్ ల్యాండ్‌లైన్‌కి ఎప్పటిలాగే 040 కలిపి చేస్తాం. అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉన్నవాళ్లు మాత్రం +91 తర్వాత సున్నా తీసేసి నేరుగా 40 కొట్టాలి. మీ సెల్‌లో నంబర్లకి సున్నా తగిలించకండి, +91తో సేవ్ చేసుకుంటే ఏ దేశం వెళ్లినా పనిచేస్తాయి.

అన్నీ మార్చాక మీరు వాళ్లకి ఫోన్ చేసి చూస్తే ఏమీ తేలదు, వాళ్ల చేతే ఆ ల్యాండ్‌లైన్ నుంచి మీ సెల్‌కి ఓసారి చేయించండి.