విజయనగరంలోనో శ్రీకాకుళంలోనో తరాల చర్చ పెట్టాలంటే

పెద్ద కవుల్నీ కుర్ర కవుల్నీ ఒకచోట కూర్చోబెడితే సాధారణంగా రెండు గంటలు గడిచిపోతాయి, ఒక్క కవిత మీద కూడా మాట పడదు. శాలువాలు, ‘ఆ రోజుల్లో’ కబుర్లు, చివర్లో ‘మీరు రాజీపడ్డారు’, ‘మీరు చదవరు’. కవిత, ప్రకటన (కవులు తమ ధోరణి చెబుతూ వేసే మేనిఫెస్టో), సంస్థ అనే మూడింటినీ ఒకే ముద్ద చేసి వాదించడం వల్లే ఇలా జరుగుతుంది.

సమాజం మీద కోపంతో తిట్టు కవిత్వం రాసిన దిగంబర కవుల్నే చూడండి. ఆరుగురు, మూడు సంపుటాలు: 1965, 1966, 1968. విరసం (విప్లవ రచయితల సంఘం) పుట్టింది 1970 జులై 4న. ఆరుగురిలో కొందరు చేరారు, కొందరు చేరలేదు. ఆ చేరికను బట్టి 1965 నాటి కవితకు మార్కులు వేయడం అన్యాయం. శ్రీకాకుళంలో ఈ తప్పు ఇంకా తేలిగ్గా దొర్లుతుంది. నక్సలైట్ల గిరిజన రైతాంగ ఉద్యమం ఈ నేలది, అందులో ప్రాణాలిచ్చిన కవి సుబ్బారావు పాణిగ్రాహి పేరెత్తగానే గది బరువెక్కుతుంది. ఆ మాటను ఆపకండి, దానికి విడిగా ఒక గంట ఇవ్వండి.

పన్నెండు నుంచి పదిహేను మంది చాలు, సగం మంది ముప్ఫై అయిదేళ్ల లోపు వాళ్లు. మూడు కవితలు తీసుకోండి: 1930ల నాటిది, 1965–70 మధ్యది, ఈ అయిదేళ్లలోది. ఒక్కోటి ముప్ఫై పాదాలు దాటకూడదు. కవి పేరు తీసేసి సంవత్సరం మాత్రం వేయండి. అందరికీ కంఠతా వచ్చినవి పెడితే పేరు దాచీ లాభం లేదు. సంవత్సరం రాసిన నాటిదా, పుస్తకం నాటిదా చూసుకోండి. శ్రీశ్రీ మహాప్రస్థానం పుస్తకంగా వచ్చింది 1950లో, గీతాల్లో చాలావరకు 1930ల నాటివి. 1950 అని వేస్తే 1939లో వచ్చిన పఠాభి కవితా సంపుటి ‘ఫిడేలు రాగాల డజన్’ ముందుదైపోయి, ఎవరు ఎవరికి దారి చూపారన్న వాదన మొత్తం తలకిందులవుతుంది.

పది రోజుల ముందే జిరాక్స్ కాగితాలు పంచండి. ఫోన్లో పంపితే పక్కన పెన్సిల్ గీత పడదు. వచ్చేవాళ్లంతా ఒక పేజీ అసమ్మతి రాసి తేవాలి. ఈ పద్ధతి మనకు కొత్త కాదు. వాడుక భాష కోసం గురజాడ 1914లో అసమ్మతి పత్రమే రాశారు. పేజీలో ఏ పాదమో ముందు ఎత్తి రాయాలి, తర్వాత అభ్యంతరం. ‘మూడో చరణంలో తిట్టు ఉంది, ఎవర్ని తిట్టారో చరణంలో లేదు’ అని రాస్తే చర్చించొచ్చు. ‘ఇది నినాదం’ అని ఊరుకుంటే ఏం చర్చిస్తాం?

కుర్చీలు గుండ్రంగా వేయండి, వేదిక వద్దు. అందరికన్నా చిన్నవాళ్లు ముందు చదవాలి, ఒక్కొక్కరికి అయిదు నిమిషాలు. పెద్దలు మొదలుపెడితే కుర్రాళ్లకు పొగడటమో తిరగబడటమో తప్ప మూడో దారి మిగలదు. నడిపేవారు కవి కాకపోతేనే మేలు, తెలుగు పంతులుగారో లైబ్రరీ చూసేవారో అయితే బాగుంటుంది. మాట కవితను వదిలినప్పుడల్లా వాళ్లు అడగాల్సింది ఒకటే: ‘ఏ పాదం మాస్టారూ?’ కుర్రాళ్లనైతే, ‘ఏ పాదం బాబూ?’ ఇద్దర్నీ ఒకే గొంతుతో అడగాలి, అదే కష్టం.

అందరి వంతూ అయ్యాక కవుల పేర్లు చెప్పి టీ ఇవ్వండి. ఆ పైన ప్రకటనలు, సంస్థలు. 1970లో విశాఖ విద్యార్థులు వేసిన ‘రచయితలారా మీరెటువైపు’ కరపత్రం ఈ భాగానికి సరైన మొదలు.

వారంలోగా అసమ్మతులన్నీ కవితలతో కలిపి కుట్టి అందరికీ ఇవ్వండి, ఒక ప్రతి ఊరి గ్రంథాలయంలో పెట్టండి. తర్వాత ఎవరైనా అభిప్రాయం మార్చుకుంటే పాతది కొట్టేయకుండా, పక్కనే తేదీ వేసి వేరే సిరాతో రాయాలి.