హేవెన్‌లో ర్యాంక్ మ్యాచ్‌కు ముందు జాగ్రత్తలు

వాలరెంట్ అనే కాల్పుల వీడియో గేమ్‌లోని హేవెన్ మ్యాప్‌కు ఏ, బీ, సీ అని మూడు సైట్లు (ఎదుటి జట్టు బాంబు పెట్టే చోట్లు) ఉండగా కాపలాకు అయిదుగురే ఉంటారు కాబట్టి, ఇక్కడ గురి కన్నా సమాచారమే ముఖ్యమని నా అభిప్రాయం.

ముందుగా కస్టమ్ గేమ్‌లో, అంటే మనమే ఏర్పాటు చేసుకునే ఆటలో, ఒంటరిగా తిరుగుతూ ఏ లాంగ్, గరాజ్, సీ లాంగ్ వంటి చోట్ల పేర్లను, అక్కడి నుంచి ఏయే సైట్లకు దారి ఉందో పైకి చెప్పుకుంటూ గుర్తుపెట్టుకోవాలి. తెర మూలన ఉండే చిన్న మ్యాప్‌లో (మినీమ్యాప్) ప్రాంతాల పేర్లు కనిపించేలా సెట్టింగ్ మార్చుకోవాలి. ఆ మినీమ్యాప్ మనతోపాటు తిరగాలా, స్థిరంగా ఉండాలా అన్నది కూడా అప్పుడే తేల్చుకోవాలి.

మైక్‌ను పరీక్షించుకోవాలి.

‘అక్కడున్నాడు’ అంటే ఎవరికీ అర్థం కాదు కనుక, ‘గరాజ్‌లో ఇద్దరు, ఒకరికి 84 డ్యామేజ్’ అన్నట్టు చోటు, సంఖ్య, దెబ్బ వరుసగా చెప్పడం అలవాటు చేసుకోవాలి. ముంబై సర్వర్‌లో జట్టువారందరికీ తెలుగు రాకపోవచ్చు కాబట్టి చోట్ల పేర్లను ఆటలో ఉన్నట్టే పలకాలి. మనం చనిపోయాక, చూసింది ఒక్కసారి చెప్పి ఊరుకోవాలి.