డెంగీ వార్త నమ్మదగ్గట్టు రాయడం ఎలా?

వానలు పడ్డాయంటే వరంగల్ చుట్టుపక్కల మండలాల నుంచి విలేకరులకు ఫోన్లు మొదలవుతాయి. "అన్నా, మా ఊళ్లె నలభై మందికి డెంగీ అంట." కొత్తలో నేను అలాంటి ఫోన్ ఒకటి నమ్మి వార్త ఇచ్చేశాను. తెల్లారేసరికి ఆ ఊరి తల్లులు పిల్లల్ని ఆటోల్లో ఎక్కించుకొని హన్మకొండ ఆస్పత్రులకు పరుగెత్తారు. తీరా చూస్తే చాలావరకు మామూలు జ్వరాలే. ఆ తర్వాత నేర్చుకున్న పద్ధతి ఇది. వాట్సాప్ గ్రూపులో సమాచారం పెట్టేవాళ్లకూ పనికొస్తుంది.

1. ఏ పరీక్షో అడగండి. చిన్న కిట్ మీద గీతలు చూసి చెప్పే ర్యాపిడ్ పరీక్షను ప్రభుత్వం నిర్ధారణగా లెక్కించదు, ల్యాబులో చేసే ఎలీసా రక్తపరీక్షలో తేలాలి. ప్రైవేటు ల్యాబు అంకెకూ జిల్లా వైద్యాధికారి (డీఎంహెచ్‌ఓ) అంకెకూ పొంతన కుదరకపోవడానికి ఇదో కారణం. జ్వరం ఎన్నో రోజో కూడా కనుక్కోండి. మొదటి ఐదు రోజుల్లో ఎన్‌ఎస్1 (వైరస్ ప్రొటీన్), ఆ తర్వాత ఐజీఎం (వైరస్ మీద ఒంట్లో పుట్టే యాంటీబాడీ) చూస్తారు. రిపోర్టు చేతికి తీసుకొని చదవండి. అనుమానిత కేసులు ఎన్నో, నిర్ధారణ అయినవి ఎన్నో విడివిడిగా రాయండి.

2. "ఆకురసంతో తగ్గింది" అన్నప్పుడు ఆగండి. బొప్పాయి ఆకురసం తాగించాక కొడుకు ప్లేట్‌లెట్లు ముప్పై వేల నుంచి లక్షకు చేరాయని ఒక తండ్రి చెబితే, ఆయన అబద్ధమాడుతున్నట్టు కాదు. కానీ డెంగీ నయమయ్యే దశలో ప్లేట్‌లెట్లు వాటంతటవే పెరుగుతాయి. రసం తాగనివాళ్లకు ఎంత పెరిగాయో తెలియకుండా ఆ ఘనత ఆకుకు కట్టబెట్టలేం. అధ్యయనం ఉందంటే మనుషుల మీదా ఎలుకల మీదా, ఎంతమంది, ఎవరితో పోల్చారు, డబ్బు ఎవరిది అని అడగాలి. 1998లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో 12 మంది పిల్లల మీద వచ్చిన ఒక్క వ్యాసం ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా) టీకా అంటేనే భయం పుట్టించింది. దాన్ని 2010లో ఆ పత్రికే వెనక్కి తీసుకుంది. భయం మాత్రం ఇంకా పోలేదు.

3. శాతాన్ని మనుషుల్లోకి మార్చండి. "ముప్పు 50 శాతం తగ్గింది" అంటే వందలో ఇద్దరికి వచ్చేది ఒక్కరికి రావడమూ కావచ్చు.

4. ఇంకో డాక్టరును అడగండి. ఆ మందుతో, ఆ ఆస్పత్రితో సంబంధం లేనివారై ఉండాలి. వరంగల్ ఎంజీఎం ఆస్పత్రిలోనో కాకతీయ మెడికల్ కాలేజీలోనో జనరల్ మెడిసిన్ వాళ్లు దొరుకుతారు. షుగరు, క్యాన్సర్ నయం చేస్తామనే ప్రకటనలను 1954 నాటి చట్టమే నిషేధించింది. అలాంటి దాన్ని వార్త పేరుతో అసలే వేయకూడదు.

5. రోగి ఒప్పుకోనిదే పేరు, ఫొటో వద్దు.

6. చదివినవాళ్లు ఏం చేయాలో రాయండి. నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యం ఇదే. డెంగీలో ప్రమాదం చాలాసార్లు జ్వరం దిగిన రోజే మొదలవుతుంది. "జ్వరం తగ్గింది కదా" అని ఇంట్లో ఉండిపోతారు. తీవ్రమైన కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మత్తుగా పడి ఉండటం, వీటిలో ఏది కనిపించినా వెంటనే ఆస్పత్రికి వెళ్లాలని వార్తలో ఉండాలి. ఆర్‌ఎంపీ దగ్గర నొప్పుల ఇంజెక్షన్, ఐబుప్రోఫెన్, ఆస్పిరిన్ తీసుకోవద్దని, వాటితో రక్తస్రావం ముప్పు పెరుగుతుందని చెప్పాలి.

7. తప్పు దొర్లితే అదే చోట దిద్దండి. నా వార్త మొదటి పేజీలో వచ్చింది, సవరణ లోపలి పేజీలో రెండు లైన్లలో వచ్చింది. ఆటో ఎక్కిన తల్లులకు అది కనిపించి ఉండదు. ముందు ఏం రాశాం, అందులో ఏది తప్పు, సరైనదేది, ఈ మూడూ సవరణలో ఉండాలి. వాట్సాప్‌లో అయితే పాత మెసేజ్‌కే రిప్లై ఇచ్చి పెట్టండి.